ప్లాస్టరు అంటించిన కళ్ళద్దం

భవానీప్రసాద్ తనకి చేసిన అన్యాయం గురించి అడిగితే వరప్రసాదరావు టీ చల్లారిపోయేదాకా చెబుతాడు. అడక్కపోయినా చెబుతాడు. క్వారీ దగ్గర పట్టుకున్న రెండు టిప్పర్లు రాత్రికి రాత్రి మాయమైతే, అప్పుడు ఎస్.ఐ.గా ఉన్న భవానీప్రసాద్ ఆ పాపాన్ని తీసుకొచ్చి కాపలా హోంగార్డు నెత్తిన రుద్దాడు. ఆ హోంగార్డే వరప్రసాదరావు. నిజానికి ఆ రాత్రి అతను కాపలాలోనే లేడు. ఎస్.ఐ. గారి బావమరిది పెళ్ళిలో, ఎస్.ఐ. గారు పంపగానే వెళ్ళి, ఎంగిలి విస్తళ్ళు తీయిస్తున్నాడు. ఆ మాట చెప్పడానికి ఒక్క సాక్షీ రాలేదు. పెళ్ళి భోజనం తిన్న నోళ్ళు కదా, ఎలా వస్తాయి?

కొలువు పోయింది వరప్రసాదరావుకి. భవానీప్రసాద్ మాత్రం దండలేయించుకుని రిటైరయ్యాడు. నందిగామలో ఏసీ గది తీసుకుని ‘ఇన్వెస్టిగేషన్ సర్వీసెస్’ అని గాజు బోర్డు పెట్టాడు. ఎనిమిదో క్లాసులో బడి మానేసిన వరప్రసాదరావు జగ్గయ్యపేట బస్టాండు వెనక రేకుల గదికి ‘వరం డిటెక్టివ్’ అని తనే కుంచె పట్టుకుని రాసుకున్నాడు. గాజు బోర్డు కిందకి కేసులొస్తాయి. రేకుల కిందకి కన్నీళ్ళొస్తాయి.

ఆ గురువారం పొద్దున్నే వచ్చిన మనిషి పేరు యామిని. మొగుడు పోయి ఇంకా నెల కాలేదు.

ఆవిడ కన్నీళ్ళు పెట్టుకోలేదు. కుర్చీ అంచున కూర్చుని చెప్పుకుపోయింది. దశరథరామయ్య గారి హోల్‌సేల్ కిరాణా కొట్టు పేటలో తెలియనివాళ్ళు లేరు. ఆయన కిడ్నీలు పాడై చనిపోయాక కొడుకులిద్దరూ కొట్టు పక్కనే మంచినీళ్ళ ప్లాంటు పెట్టారు. ప్రతి క్యాను మీదా దండ వేసిన ఆయన ఫొటో, దాని కింద ‘మా నాన్నగారిని తిన్న నీళ్ళు మీరు తాగకండి’ అన్న మాట. ఆ మాటతోటే ముక్త్యాల ఫ్యాక్టరీ క్వార్టర్ల దాకా క్యాన్లు వెళ్తున్నాయి.

పెద్దకొడుకు అనిల్‌కుమార్ యామిని భర్త. నలభై నిండలేదు. ఓ మధ్యాహ్నం ప్లాంటు వెనక గదిలో తల పట్టుకుని, వాంతి చేసుకుని, పడిపోయాడు. ఆటోలో వేసేసరికే ప్రాణం లేదు. గుండెపోటన్నారు. సాయంత్రానికల్లా దహనం చేసేశారు. పెద్దకర్మ అయిన మర్నాడు అత్తగారు తిరుపతమ్మ నట్టింట్లో నిలబడి, నా కొడుకుని ఇదే చంపిందంది.

“ఎలా చంపావంట?” అన్నాడు వరప్రసాదరావు.

“కషాయం పోసి. ఆయనకి మూత్రం ఎర్రగా పడుతోందండి. రాళ్ళేమో అనుకున్నాం. కొండపిండాకు కాచి తాగిస్తే రాళ్ళు కరుగుతాయని మా అమ్మ చెప్పింది. నెల్లాళ్ళు కాచి ఇచ్చా.”

“నా దగ్గర దాచొద్దమ్మా. అందులో ఏమన్నా కలిపావా?”

యామిని సూటిగా చూసింది. “కలిపా. పటికబెల్లం. చేదుగా ఉంటే తాగరని.”

వరప్రసాదరావు తల దించుకున్నాడు. “మరిప్పుడేమంటారు?”

“సాయంత్రం అయిదింటికి పెద్దమనుషుల్ని పిలిచారు. ఆయన వాటా వదులుకోవాలంట. పాపని వాళ్ళకిచ్చేసి నేను పుట్టింటికి పోవాలంట. కాదంటే రేపు హత్య కేసు. పాపకి తొమ్మిదేళ్ళండి. నేను లేకపోతే జడ కూడా వేయించుకోదు. సాక్ష్యాలన్నీ భవానీప్రసాద్ గారు సిద్ధం చేశారంట. మా మరిది రాజ్‌కిరణ్ ఆయన్ని పెట్టుకున్నాడు.”

ఆ పేరు వినగానే వరప్రసాదరావు చొక్కా తగిలించుకున్నాడు. ఫీజు సంగతి అడగడం ఆ తర్వాతెప్పటికో గుర్తొచ్చింది.

ప్లాంటు వెనక గది తాళం యామిని దగ్గరే ఉంది. తలుపు తీయగానే వేడిగాలి, పులిసిన వాసన మొహాన కొట్టాయి. లైటు వేస్తే వెలగలేదు. వరప్రసాదరావు కుర్చీ ఎక్కి చూశాడు. ట్యూబులైటుకి స్టార్టరు లేదు. కిటికీకి బిస్కెట్ల అట్టపెట్టెలు చింపి, సందు లేకుండా టేపుతో అంటించి ఉన్నాయి.

“ఇదెవరు చేశారమ్మా?”

“ఆయనే. వెలుతురు గుచ్చుకుంటోందన్నారు. పోవడానికి ఓ రెండ్రోజుల ముందు.”

“భవానీప్రసాద్ గారు ఈ గది చూశారా?”

“గుమ్మం దాకా వచ్చారు. వాసనొస్తోందని చేతిరుమాలు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయారు.”

వరప్రసాదరావు నేల మీద మోకాళ్ళేశాడు. బల్ల కింద నొప్పి బిళ్ళల అట్టలు గుప్పెడున్నాయి, అన్నీ ఖాళీ. పక్కనే స్టీలు ఫ్లాస్కు. మూత గట్టిగా బిగించి ఉంది. తిప్పి తీశాడు. పైదాకా కషాయం, దాని మీద తెల్లగా బూజు.

“ఇది ఆయన పోయిన రోజుదా?”

“ఆ పొద్దున పంపిందే.”

“అయితే ఆ రోజు చుక్క కూడా తాగలేదన్నమాట.”

మంచం కింద చెయ్యి పెట్టి తడిమాడు. వేళ్ళకి కళ్ళజోడు తగిలింది. కుడి అద్దం నిండా గాయాలకేసే ప్లాస్టరు ముక్కలు రెండు వరసలుగా అంటించి ఉన్నాయి.

“అద్దం పగిలిందేమో అనుకున్నా. కొత్తది చేయించుకోమన్నా కూడా,” అంది యామిని.

వరప్రసాదరావు గోటితో ప్లాస్టరు అంచు లేపి మెల్లగా ఊడదీశాడు. కింద అద్దానికి గీత కూడా లేదు. మంచి అద్దాన్ని మనిషి ఎందుకు మూసుకుంటాడు?

“ఏరా హోంగార్డూ! ఈసారి ఏం పోగొడదామని కాపలా కాస్తున్నావ్?”

గుమ్మంలో భవానీప్రసాద్. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, అదే పొట్ట.

“టిప్పర్లు లేవు సార్ ఇక్కడ. క్యాన్లే ఉన్నాయి. మీ బావమరిదికి పనికిరావు,” అన్నాడు వరప్రసాదరావు.

భవానీప్రసాద్ నవ్వాడు గానీ కళ్ళు నవ్వలేదు. “బూజు పట్టిన ఫ్లాస్కు పట్టుకుని ఏం తేలుస్తావ్? ఇంట్లో ఉన్న కషాయం సీసా నేను తీసుకున్నా. కొట్లో ఎలకల మందు డబ్బా ఒకటి తగ్గింది. కొద్దికొద్దిగా నెల్లాళ్ళు కలిపి పోసింది. మెల్లగా ఎక్కే విషం. పాఠం అర్థమైందా, లేక బ్లాకుబోర్డు తెమ్మంటావా?”

“కొట్లో ఎలకల మందు తగ్గితే ఎలకలు చచ్చాయనుకోవాలి సార్, మొగుళ్ళు కాదు. సీసాని పరీక్షకి పంపారా?”

“పంపుతా. కేసు పెట్టాక.”

“ముందు పంపితే కేసుండదని భయమా?”

భవానీప్రసాద్ దగ్గరికొచ్చాడు. యామినికి వినపడకుండా గొంతు తగ్గించాడు. “ఇవ్వాళ నాలుగింటికి మీ బలుసుపాడు చేను కొలతలంటగా. పక్క క్వారీ వాళ్ళు నా క్లయింట్లే. కొలిచేటప్పుడు హక్కుదారుడు గట్టు మీద లేకపోతే హద్దురాయి ఎటు నడుస్తుందో నీకు చెప్పాలా? పో, నీ చేను చూసుకో. ఆడాళ్ళ ఏడుపులతో నీకేం పని?”

వరప్రసాదరావు కళ్ళజోడు జేబులో వేసుకున్నాడు.

తిరుపతమ్మ వంటింటి గుమ్మంలో పీట వేసుకుని చాటలో బియ్యం ఏరుతోంది. డెబ్బై దాటిన మనిషి, గొంతు మాత్రం కొట్టు నడిపిన గొంతు.

“ఏవయ్యా, అది పిలిస్తే వచ్చావంటగా. మా ఉప్పు కొనుక్కు తిన్నవాడివి నువ్వు.”

“ఇప్పటికీ మీ కొట్లోనే కొంటున్నానమ్మగారూ. కల్తీ లేదనే నమ్మకం.” వరప్రసాదరావు కింద చతికిలబడ్డాడు. “పెద్దబాబుకి విషం పెట్టారని మీకెప్పుడు అనుమానమొచ్చింది?”

“అనుమానమేంటి, కళ్ళారా చూశా! పోవడానికి నాలుగు రోజుల ముందు మెట్లు దిగుతూ ఆగిపోయాడు. అమ్మా, మెట్లు రెండేసి కనపడుతున్నాయన్నాడు. మర్నాటికి కుడికన్ను రెప్ప సగం వాలిపోయింది. లోపల నల్లగుడ్డు ఇంత పెద్దదైంది.” ఆవిడ వేళ్ళతో సున్నా చుట్టి చూపించింది. “ఒక్క కన్నే. రెండోది మామూలుగా ఉంది. అది విషం పని కాదూ?”

వరప్రసాదరావు జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. రెండుగా కనపడుతుంటే ఒక అద్దం మూసుకున్నాడన్నమాట. ఒక కంటితో చూస్తే మెట్లు మళ్ళీ ఒకటే అవుతాయి.

“డాక్టరుకి చూపించలేదా?”

“కళ్ళ డాక్టరు దగ్గరికి ఆదివారం పోదామన్నాడు. ఆదివారం దాకా ఉన్నాడా?”

“అమ్మగారూ, దశరథరామయ్య గారికి కిడ్నీలు ఎందుకు పోయాయి?”

తిరుపతమ్మ చేతిలో చాట ఆగింది. “నీళ్ళ వల్ల. ఊరంతా తెలుసు. క్యాను మీద రాసుంది, చదువుకో.”

“క్యాను మీద రాసింది మీరు. డాక్టరు ఏమన్నాడు?”

“ఏ డాక్టరు?”

“ఆయన్ని చూసిన డాక్టరు.”

“పోయినోళ్ళ సంగతులు తవ్వడానికొచ్చావా?” ఆవిడ లేచి నిలబడింది. బియ్యం చాటలోంచి నేల మీదకి జారాయి. ఆవిడ చూడలేదు. “పో ఇక్కణ్ణించి. అయిదింటికి పెద్దమనుషులొస్తారు. అప్పుడు మాట్లాడు, నోరుంటే.”

ఎంత కోపమొచ్చినా గింజ నేల పడనివ్వని ఇల్లాలు ఆవిడ. వరప్రసాదరావు ఆ బియ్యం వంక చూసి బయటికొచ్చాడు.

మెడికల్ షాపు ప్రేమకుమారిని అడిగితే కిడ్నీ డాక్టరు గురించి వింత సంగతి చెప్పింది. “నందిగామలో ప్రతి గురువారం కూర్చుంటున్నారుగా, మెర్లిన్ గారని. ఏడాదైంది. పేట వాళ్ళకి ఒక్కళ్ళకీ తెలీదు. అందరూ బెజవాడ బస్సెక్కుతారు. ఆ బస్సు నందిగామ మీంచేగా పోయేది!”

చిన్న క్లినిక్. వరండా నిండా మనుషులు, కాళ్ళ వాపులు, నీళ్ళ సీసాలు. వరప్రసాదరావు తన వంతు వచ్చేసరికి మూడు దాటింది. డాక్టర్ మెర్లిన్‌కి నలభై ఉంటాయి. కళ్ళజోడు చేతిలోకి తీసుకుని, ప్లాస్టరు జిగురు వేలితో తాకి చూసింది. అనిల్‌కుమార్ సంగతి, అతని తండ్రి సంగతి మొత్తం విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

“నేను చూడని మనిషికి జబ్బు పేరు పెట్టనండి. అది ముందే చెబుతున్నా.”

“పెట్టొద్దమ్మా. ఇలాంటివి దేనివల్ల వస్తాయో చెప్పండి చాలు. కషాయంలో ఎలకల మందు కలిపితే ఇలా అవుతుందా?”

“ఎలకల మందుల్లో రకాలున్నాయి. కానీ ఒక్క కన్ను రెప్ప వాలి, ఆ ఒక్క కంటి నల్లగుడ్డే పెద్దదైందంటే నేను విషం వైపు చూడను. తలకాయ లోపలికి చూస్తా.” ఆవిడ కాగితం మీద చిక్కుడుగింజ లాంటి బొమ్మ గీసి, దాని నిండా సున్నాలు చుట్టింది. “కొన్ని కుటుంబాల్లో కిడ్నీల నిండా నీటితిత్తులు పెరుగుతాయి, ద్రాక్షగుత్తుల్లాగా. ముప్పై ఏళ్ళదాకా ఏమీ తెలీదు. బీపీ వస్తుంది. మూత్రంలో రక్తం పడుతుంది. రాళ్ళనుకుంటారు. నడుంనొప్పికి నొప్పి బిళ్ళలు మింగుతారు, అవి ఇంకా చెరుపు. చివరికి డయాలసిస్.”

“నీళ్ళ వల్ల కాదా?”

“నీళ్ళ మీద అనుమానమున్న ఊళ్ళు ఈ చుట్టుపక్కల ఉన్నాయి. అందుకే ఇక్కడ కిడ్నీ అనగానే నీళ్ళంటారు. ఇది నీళ్ళది కాదు, పుట్టుకది. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ బొమ్మా బొరుసూ. సగానికి సగం. ఎంత మంచినీళ్ళు తాగినా అంతే.”

“మరి కన్ను?”

“ఆ జబ్బున్న కొంతమందికి మెదడులో రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బుతుంది. అది కంటి నరాన్ని నొక్కితే రెప్ప వాలుతుంది, రెండేసి కనపడతాయి. పగిలితే...” ఆవిడ పెన్ను మూసింది. “పగలకముందు నరం నొక్కడమంటే తలుపు తట్టి చెప్పినట్టు. అప్పుడు తెస్తే బతికించే వీలుంది. ఆ ఇంట్లో ఇంకా ఎవరున్నారు?”

“ఒక తమ్ముడు, ఒక చెల్లెలు. పోయినాయన కూతురు.”

“అందరికీ కడుపు స్కానింగు తీయించాలి, బీపీ చూడాలి. పాపకి ఎప్పుడు చూడాలో నేను మాట్లాడతా. పెద్దవాళ్ళని ముందు పంపండి. తలనొప్పి, కన్ను, ఏదన్నా తేడా ఉంటే నా దగ్గరికి కూడా వద్దు. తిన్నగా బెజవాడ. నాకు ఫోన్ చెయ్యండి, అక్కడ నేను చెప్పిపెడతా.”

బయటికొచ్చేసరికి వరండాలో పేరు పిలిచారు. “నాగవల్లి గారూ!” మొహానికి చున్నీ చుట్టుకున్న ఒకావిడ లేవబోయి, గుమ్మంలోంచి వస్తున్న వరప్రసాదరావుని పేట మనిషని పోల్చుకుని, తిన్నగా మెట్ల వైపు నడిచింది.

దశరథరామయ్య గారి ఆడపిల్ల నాగవల్లిని నందిగామలోనే ఇచ్చారని యామిని పొద్దున చెప్పింది. వరప్రసాదరావు స్కూటీకి అడ్డం నిలబడ్డాడు.

“ఎన్నాళ్ళ నుంచి వస్తున్నారమ్మా ఇక్కడికి?”

“మీకెందుకు? తప్పుకోండి.”

“మీ వదిన తరఫు మనిషిని. అయిదింటికి ఆవిడ బిడ్డని లాక్కుంటున్నారు.”

చున్నీ వెనక కళ్ళు నిండాయి. “ఇక్కడికి ఏడాదిగా. ఈ జబ్బు నాకూ ఉందని తెలిసి మూడేళ్ళయింది. మా ఆయనకి తెలీదు, నడుంనొప్పికి వెళ్తున్నానని చెబుతా. నాన్నని చూసిన బెజవాడ డాక్టరు అమ్మకి అప్పుడే చెప్పాడు, ముగ్గురు పిల్లలకీ స్కానింగు తీయించమని. అప్పటికి మా ముగ్గురికీ పెళ్ళిళ్ళు కాలేదు. వంశంలో జబ్బుందంటే ఎవరొస్తారు మా ఇంటికి? నీళ్ళన్నాం. అంటూ అంటూ మేమే నమ్మాం. ప్లాంటు పెట్టాక అన్నయ్యకి ఇంకేం భయం లేదనుకున్నాం.”

“ఈ మాట వచ్చి చెప్పండి.”

“చెబితే నా కాపురం?”

“చెప్పకపోతే మీ వదిన జైలు.”

నాగవల్లి స్కూటీ స్టార్టు చేసింది. “నాకూ ఇద్దరు పిల్లలున్నారండీ,” అని వెళ్ళిపోయింది. జాలీ, చిరాకూ రెండూ ఒకేసారి పుట్టాయి వరప్రసాదరావుకి. బండి తీశాడు.

బలుసుపాడు మలుపు దగ్గర బండి దానంతటదే నెమ్మదించినట్టయింది. కొలతలు మొదలయ్యే ఉంటాయి. తను గట్టు మీద నిలబడితే అయిదింటికి పేటలో ఉండలేడు. చేతిలో ఉన్నది ఒక పాత కళ్ళజోడు, ఒక డాక్టరు మాట. ఒప్పుకునే మనిషి ఒక్కరు లేరు. వెళ్ళి మాత్రం ఏం సాధిస్తాడు? మొహం అటు తిప్పకుండా మలుపు దాటేశాడు.

పెద్దమనుషులు నలుగురు హాల్లో కుర్చీల్లో ఉన్నారు. భవానీప్రసాద్ వాళ్ళ మధ్య పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. యామిని గోడవారగా, పాప ఆవిడ కొంగు పట్టుకుని. రాజ్‌కిరణ్ నడి హాల్లో నల్లకళ్ళజోడు పెట్టుకుని నిలబడ్డాడు.

“వచ్చావా? రా రా,” అన్నాడు భవానీప్రసాద్. “చేను కన్నా ఇదే ముద్దొచ్చిందన్నమాట.”

వరప్రసాదరావు కళ్ళజోడు టీపాయి మీద పెట్టి, డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పాడు. నాగవల్లి పేరు ఎత్తలేదు. అది తను చెప్పాల్సిన మాట కాదు. చెప్పడం అయ్యేసరికి భవానీప్రసాద్ చప్పట్లు కొట్టాడు.

“ఎనిమిదో క్లాసు ఎం.బి.బి.ఎస్.! మనిషి బూడిదయ్యాక రోగం కనిపెట్టాడు. ఉందనడానికి రుజువేది?”

“లేదనడానికి మీ దగ్గరేముంది సార్? పరీక్షకి పంపని సీసా.”

“మా వంశానికి రోగం అంటగడతావా?” రాజ్‌కిరణ్ గొంతు చీలింది. “మా నాన్న నీళ్ళ వల్ల పోయాడు! ఈ మాట బయటికి పోతే మా క్యాను ఎవరన్నా కొంటారా? మర్యాదగా బయటికి నడువు.”

అరిచి అరిచి గొంతెండిందేమో, టీపాయి మీద నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపాడు. చెయ్యి గ్లాసుకి జానెడు పక్కన గాలిలో మూసుకుంది. మళ్ళీ చాపాడు. మళ్ళీ తప్పింది. మూడోసారి బల్ల అంచు తడుముకుంటూ పట్టుకున్నాడు.

వరప్రసాదరావు రెండడుగులు ముందుకి వేశాడు.

“రాజ్‌కిరణ్ బాబూ, నల్లద్దాలు ఎప్పుడు పెట్టారు?”

“కళ్ళకలక. నీకెందుకు?”

“కళ్ళకలకైతే కళ్ళు ఎర్రబడతాయి. గ్లాసులు రెండవ్వవు. తీయండి ఒకసారి.”

“తియ్యను.”

“ఏయ్, మీద చెయ్యేస్తే...” భవానీప్రసాద్ లేచాడు.

చెయ్యి వేసింది వరప్రసాదరావు కాదు. తిరుపతమ్మ వంటింట్లోంచి ఎప్పుడొచ్చిందో, కొడుకు ఎదురుగా వచ్చి కళ్ళజోడు లాగేసింది. ఎడమకన్ను రెప్ప సగానికి వాలి ఉంది. లోపల నల్లగుడ్డు పెద్దదై, వెలుతురు పడినా ముడుచుకోలేదు.

ఆ ముసలావిడ నోట్లోంచి వచ్చింది ఏడుపు కాదు. బావిలోంచి చేద తెగి పడ్డట్టు ఏదో శబ్దం.

“ఇదే. ఇదేరా. వాడికి కుడిది, వీడికి ఎడమది.”

“అమ్మగారూ, కూర్చోండి. వీడు ఆడిస్తున్న నాటకం...” అన్నాడు భవానీప్రసాద్.

“నోర్ముయ్యి!” తిరుపతమ్మ పెద్దమనుషుల వైపు తిరిగింది. “నాకు చెప్పాడయ్యా బెజవాడ డాక్టరు. ఇది మీ ఆయన రక్తంలో ఉంది, పిల్లలకి చూపించండమ్మా అన్నాడు. చూపించలేదు. పెళ్ళిళ్ళు కావాలిగా! నీళ్ళని చెప్పా. మొగుడి ఫొటో క్యాన్లకి అంటించి అమ్ముకున్నా. పెద్దోడి రెప్ప వాలినప్పుడు నా గుండెల్లో తెలుసు. తెలిసి దాని మీదకి తోశా. అది కాకపోతే నేనేగా చంపిందాన్ని!”

ఒక పెద్దమనిషి కండువా సర్దుకున్నాడు. ఇంకొకాయన చెప్పుల కోసం చూశాడు.

“నాకేం లేదు,” అన్నాడు రాజ్‌కిరణ్. “రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి పోతా. అందరి ముందూ గోల చెయ్యకండి.”

యామిని పాప చేతిని పనిమనిషి పున్నమ్మ చేతిలో పెట్టింది. గోడకున్న మేకు నుంచి కారు తాళాలు తీసింది. “మీ అన్నయ్యా అదే అన్నారు, నాకేం లేదని. నడవండి.”

“వదినా, నువ్వెందుకు...”

“నడవమన్నానా!”

ఆ ఇంట్లో ఆవిడ గొంతు అంత పెద్దగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. రాజ్‌కిరణ్ నడిచాడు.

వరప్రసాదరావు స్టీరింగు పట్టుకున్నాడు. మెర్లిన్ గారు ఫోనులో రెండే మాటలు చెప్పింది: తల ఎత్తుగా పెట్టండి, మెదడు సర్జన్ బెజవాడ ఆసుపత్రి గేటు దగ్గరే ఉంటాడు. వెనక సీట్లో రాజ్‌కిరణ్ తల యామిని భుజం మీద. అటు పక్క తిరుపతమ్మ, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని. హంతకురాలని ఎవర్ని తేల్చారో ఆవిడే ఆ తల కదలకుండా పట్టుకుని ఉంది.

నందిగామ దాటాక యామిని అడిగింది. “అత్తయ్యా, మామయ్యగారి నుంచి ఆయనకొస్తే, ఆయన నుంచి పాపకి?”

తిరుపతమ్మ కిటికీలోంచి బయటికి చూసింది.

“మీరు చెప్పండి వరప్రసాదు గారూ. డాక్టరమ్మ చెప్పే ఉంటుందిగా?”

బొమ్మా బొరుసూ అన్న మాట అతని గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. “చూపిద్దామమ్మా. వచ్చే గురువారం మీ ఇద్దరినీ నేనే తీసుకెళ్తా. పిల్లల సంగతి వేరంట, ముందు తెలిస్తే చాలా చెయ్యొచ్చంట.”

“ఉందా లేదా అని అడిగా.”

“తెలీదమ్మా. నిజంగా తెలీదు.”

అద్దంలో చూస్తే, ఆవిడ రాజ్‌కిరణ్ నుదుటి మీద పెట్టిన చెయ్యి మాత్రం తీయలేదు. వాళ్ళు చేసిందంతా మర్చిపోయిందని కాదు. ఆ చేతికి వేరే పని దొరకలేదు.

కీసర టోల్‌గేటు వరసలో ముందు మూడు లారీలున్నాయి. రాజ్‌కిరణ్ ఒక్కసారిగా మెడ బిగించాడు.

“వదినా... తల... ఎవరో వెనక నుంచి కొట్టినట్టు...”

“హారన్ కొట్టండి!” అని అరిచింది యామిని. తిరుపతమ్మ తలుపు తీసుకుని రోడ్డు మీదకి దిగి, లారీల ముందు నిలబడి, రెండు చేతులూ ఎత్తి వాటిని పక్కకి తప్పుకోమని కేకలు పెడుతోంది. డెబ్బై ఏళ్ళ మనిషి, చెప్పుల్లేకుండా.

వరప్రసాదరావు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. ఒళ్ళో ఫోను మోగుతోంది. ఆసుపత్రేమోనని స్పీకరు నొక్కాడు. బలుసుపాడు నుంచి పక్క చేను రైతు.

“ఏమయ్యా, రాలేదే? రెండుసార్లు పిలిచారు నీ పేరు. క్వారీ వాళ్ళు వాళ్ళకి కావాల్సిన చోట రాళ్ళు పాతేసుకున్నారు. అడిగే దిక్కు లేదు.”

లారీ ఒకటి పక్కకి జరిగింది. వరప్రసాదరావు గేరు వేశాడు.

“ఎంత పోయింది?”

“ఇంకేం మిగిల్చార్లే. మీ నాన్న తవ్వించిన బోరుతో సహా డొంక వైపుదంతా. ఎకరం పదమూడు సెంట్లు.”